వేట లేని నెలలో తీసిన కొలత

2017 సెప్టెంబరులో, వానలు ఇంకా తెరిపి ఇవ్వని రోజుల్లో, ప్రాంతీయ కార్యాలయం నుంచి నాకొక ఉత్తర్వు వచ్చింది. టెక్కలి దగ్గర కొండ మీదున్న ఒక గ్రానైట్ క్వారీకి మా శాఖ కేటాయించిన వైర్‌లెస్ ఫ్రీక్వెన్సీ మీద ఎవరో లైసెన్సు లేకుండా మాట్లాడుతున్నారు. వాళ్ళెవరో కనిపెట్టి, సెట్టు స్వాధీనం చేసుకుని, వారంలోగా నివేదిక పంపాలి. అప్పుడు నేను విజయనగరం శివార్లలోని మానిటరింగ్ స్టేషన్‌కి ఇన్‌చార్జి ఇంజినీరుని. పదవీ విరమణకు ఏడాదిన్నర ఉంది. ఆ ఏడాదిన్నరా ఒక్క మెమో కూడా అందుకోకుండా గడిచిపోతే చాలు దేవుడా అనుకుంటున్న రోజులవి. నేను స్వతహాగా భయస్తుణ్ణి. ముప్పై రెండేళ్ళ సర్వీసులో నా ఫైళ్ళు శుభ్రంగా ఉన్నాయంటే, అందుకు తెలివికంటే భయమే ఎక్కువ కారణం.

మా పని ఏమిటో చాలామందికి తెలియదు. సెల్‌ఫోను, ఎఫ్.ఎం. రేడియో, పోలీసు జీపులోని సెట్టు, ఓడ, విమానం, అన్నీ తలా ఒక ఫ్రీక్వెన్సీ మీద మాట్లాడతాయి. ఒకే ప్రాంతంలో ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఇద్దరు ఒకేసారి మాట్లాడితే, బలమైన సెట్టున్నవాడి మాటే వినిపిస్తుంది. రెండోవాడు గొంతు చించుకున్నా లాభం లేదు. ఫ్రీక్వెన్సీలు కొత్తగా పుట్టవు, అడిగేవాళ్ళు మాత్రం ఏటేటా పెరుగుతూనే ఉంటారు. అందుకని ఢిల్లీలోని ప్రణాళికా విభాగం వాళ్ళు పాత రిజిస్టర్లు తిరగేసి, లైసెన్సు గడువు తీరిపోయి ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నవాళ్ళ జాబితా తీసి మాకు పంపుతారు. మేం ఆ ప్రాంతానికి వెళ్ళి పదిహేను రోజులు రిసీవరు పెట్టుకుని వింటాం. ఎవరూ మాట్లాడకపోతే 'వాడకం లేదు' అని రాసి సంతకం పెడతాం. ఆ సంతకం మీద ఆ ఫ్రీక్వెన్సీ కొత్తవాళ్ళకు వెళ్ళిపోతుంది.

ఫిర్యాదు వచ్చిన ఫ్రీక్వెన్సీ అలా వెళ్ళినదే. సంతకం నాదే. ఆ ఏడాది మే నెలలో నౌపడ ఉప్పు మళ్ళ పక్కన వాహనం నిలిపి పదిహేను రోజులు విన్నాను. చీమ చిటుక్కుమనలేదు. ఆ కాగితం ఢిల్లీ వెళ్ళింది, క్వారీవాళ్ళ దరఖాస్తు అప్పటికే వరసలో ఉంది, ఆగస్టుకల్లా వాళ్ళకు కేటాయింపు అయిపోయింది. అందుకే ఉత్తర్వు చదవగానే నాకు ముందు కోపం వచ్చింది. నేను ఖాళీ అని రాసినచోట మాట్లాడడానికి వీడెవడు?

మాకున్నది ఒకటే వాహనం. పైన తిరిగే యాంటెనా, లోపల కొలిచే రిసీవరు. మాట ఏ దిక్కునుంచి వస్తోందో ఆ యాంటెనా చెబుతుంది. రెండు చోట్ల నిలబడి రెండు దిక్కులు మ్యాపు మీద గీస్తే, గీతలు కలిసినచోట దొంగ సెట్టు ఉంటుంది. డ్రైవరు పోస్టు నాలుగేళ్ళుగా భర్తీ కాలేదు కాబట్టి టెక్నికల్ అసిస్టెంట్ సత్యమే బండి నడిపేవాడు. సొంతూరు అరసవల్లి. పనిమంతుడే కానీ నోటికి తాళం ఉండదు.

ముందు క్వారీకి వెళ్ళాం. మేనేజరు మర్యాదస్తుడు. రోజూ సాయంత్రం నాలుగింటికి రాయి పేలుస్తారనీ, అంతకు ముందు నాలుగు మూలలా ఉన్న కాపలావాళ్ళు సెట్టులో 'క్లియర్' అని చెబితేనే మీట నొక్కుతారనీ, ఆ సమయంలో మధ్యలో ఎవరో ఆడమనిషి దూరి అంకెలు చదువుతోందనీ చెప్పాడు. పదకొండు, ఏడు, ఇరవై రెండు, అంతే. అర్థం పర్థం లేదట.

సముద్రం పక్కన, గుర్తు తెలియని సెట్టు, అంకెలు చదివే గొంతు. నా కోపం అక్కడే దిగిపోయి దాని చోట భయం కూర్చుంది. అలాంటివి గూఢచారులవో స్మగ్లర్లవో కావచ్చు, ముందుగా పోలీసులకు తెలియపరచాలని మాకు సర్క్యులరు ఉంది. తెలియపరచకుండా వెళ్ళడం తప్పు. తీరా అది ఎవరో కుర్రకారు ఆకతాయితనమైతే నవ్వులపాలు. చూసొచ్చాక చెబుదామని నిశ్చయించుకుని బండెక్కాను.

"సార్, ఆళ్ళ కాడ తుపాకులేటైనా ఉంటాయేటండి? మన కాడ సూస్తే స్క్రూడ్రైవరు తప్ప ఏటీ నేదు" అన్నాడు సత్యం. నోరు మూసుకుని నడపమన్నాను. అదే అనుమానం నాకూ ఉందని అతనికి తెలియకూడదు.

మొదటి దిక్కు హైవే పక్కన తీశాం. రెండోది నౌపడ రైల్వే స్టేషను దాటాక. అప్పటికి మధ్యాహ్నం రెండు దాటింది. తూర్పున ఆకాశం మసిబారి ఉంది. వాయుగుండం పడిందనీ, వేటకు వెళ్ళినవాళ్ళు వెంటనే తిరిగి రావాలనీ హెచ్చరిక వచ్చినట్టు ఉప్పు మళ్ళ దగ్గర పని ఆపి వెళ్ళిపోతున్నవాళ్ళు చెప్పారు. రిసీవరులో ఆ గొంతు మొదటిసారి స్పష్టంగా విన్నాను. "పదకొండూ, పదకొండూ, ఇనపడతన్నాదా..." అంటుండగానే క్వారీనుంచి ఎవరో డంపరు లారీని వెనక్కి తిప్పమని అరిచారు. ఆమె మాట మధ్యలో తెగిపోయింది. మ్యాపు మీద గీతలు రెండూ తీరంలోని ఒక మత్స్యకార గ్రామం దగ్గర కలిశాయి.

గ్రామం చివర బాప్టిస్టు చర్చి, దాని పక్కన రేకుల గది, గది మీద ఇనప గొట్టానికి కట్టిన యాంటెనా. దాచే ప్రయత్నమే లేదు. గుమ్మంలో పదిమంది దాకా ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. లోపల బల్ల మీద పాత బేస్ సెట్టు, దాని కింద లారీ బ్యాటరీ, ముందు కళ్ళద్దాలు పెట్టుకున్న నలభై ఐదేళ్ళ మనిషి. ఆమె పేరు మార్తమ్మ. మత్స్యకారుల సహకార సంఘానికి గుమస్తా. మిషన్ స్కూల్లో చదువుకున్న మనిషి కాబట్టి పుస్తకం రాయడం, సెట్టులో మాట్లాడడం ఇరవై ఏళ్ళుగా ఆమె పనే. అంకెలు పడవల నంబర్లు.

నేను హోదా చెప్పుకుని గుర్తింపు కార్డు చూపించాను. గుమ్మంలోంచి ఒకావిడ, "ఓలమ్మో, సెట్టు పట్టుకుపోడానికి వచ్చీసినారే" అని గుండెలు బాదుకుంది. మార్తమ్మ మాత్రం లేవలేదు.

"కొండమీదోళ్ళు పంపినారా బాబూ? పట్టుకెళ్తే పట్టుకెళ్ళండి. ముందు ఆ మూడు పడవలకీ గాలొస్తన్నాదని సెప్పనివ్వండి. తరవాత నన్ను కూడా జీపెక్కించీండి."

తొమ్మిది పడవలు వెళ్ళాయి. ఆరు పలికి వెనక్కి తిరిగాయి. ఏడు, పదకొండు, ఇరవై రెండు పలకలేదు. ఒక్కో పడవకి ఐదుగురు. పదకొండులో ఉన్నది ఆమె భర్త ఏసుదాసు.

గోడకి అద్దం కట్టించి పెట్టిన లైసెన్సు ఉంది. చదివాను. నా జాబితాలో ఉన్న ఫ్రీక్వెన్సీయే. గడువు తీరి మూడేళ్ళయింది. సంఘం కార్యదర్శి చనిపోయాక, పునరుద్ధరణ నోటీసులు ఆయన పేరు మీదే వచ్చి వెనక్కి తిరిగిపోయాయట. అయినా మే నెలలో నేను పదిహేను రోజులు విన్నాననీ, ఒక్కరూ మాట్లాడలేదనీ, వాడకం ఉంటే అప్పుడెందుకు వినపడలేదనీ కాస్త గట్టిగానే అడిగాను. తప్పు వాళ్ళదేనని తేలాలని నా ఆత్రం.

ఆమె నన్ను వింతగా చూసింది. "మే నెల్లో ఎవులు మాటాడతారు బాబూ? యేట ఆపీమన్నది సర్కారోళ్ళే కదా. పడవలన్నీ ఒడ్డుమీద ఉంటే సెట్టులో ఎవుడితో మాటాడేది?"

ఏప్రిల్ సగం నుంచి జూన్ సగం దాకా చేపలు గుడ్లు పెట్టే కాలం, సముద్రంలో వేట నిషేధం. ఆ మాట నాకు తెలియనిది కాదు. ఏటా పేపర్లో చదివేదే. ఆ పదిహేను రోజులూ నేనూ సత్యమూ ఒడ్డుకి లాగి బోర్లించిన పడవల నీడలోనే కూర్చుని టిఫిన్ కారియరు విప్పి భోంచేశాం. వాహనం మే నెలలోనే ఖాళీగా దొరికింది, రోడ్లు పొడిగా ఉన్నాయి, కొలతకి అనువైన కాలమని నేనే ఎంచుకున్నాను. రిపోర్టులో ఉష్ణోగ్రత రాశాను, గాలిలో తేమ రాశాను, యాంటెనా ఎత్తు సెంటీమీటర్లతో సహా రాశాను. కళ్ళెదుట పడవలు ఇసుకలో పడుకుని ఉన్నాయని రాయలేదు. పక్కనున్న బియ్యం బస్తా మీద కూర్చుండిపోయాను. సముద్రంలో ఉన్న పదిహేనుమందికీ నా సంతకానికీ మధ్య ఇంకెవరూ లేరు.

చేయవలసింది తేలికగానే కనిపించింది. క్వారీ సెట్లు ఆపించాలి. కానీ మా శాఖలో నా హోదావాడికి కొలిచే అధికారమే తప్ప ఆపే అధికారం లేదు. లైసెన్సు ఉన్నవాణ్ణి ఆపమని చెప్పడం ఢిల్లీ పని, అదీ లిఖితపూర్వకంగా. అయినా మేనేజరుకి ఫోన్ చేశాను. ఆయన కంగారుపడ్డాడు. రంధ్రాల్లో మందు కూరడం మొదలైపోయింది, దాదాపు యాభైమంది మనుషులు పేలుడు పరిధిలో ఉన్నారు, సెట్లు ఆపితే వాళ్ళను బయటికి పిలిచే దారి లేదు, మందు కూరాక వదిలేసి పోవడం ఇంకా ప్రమాదం అన్నాడు. అబద్ధం కాదు. అక్కడా ప్రాణాలే. అటు కొండ, ఇటు సముద్రం, రెండిటినీ ఒకే ఫ్రీక్వెన్సీ మీదకి తెచ్చి కట్టింది నేను.

అప్పుడు గుర్తొచ్చింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో శిక్షణకోసం ఒక తీర రేడియో స్టేషన్‌కి పంపారు. అక్కడి గడియారం ముఖం మీద రెండు చోట్ల మూడేసి నిమిషాల మేర ఎర్రరంగు పూసి ఉండేది. ముల్లు ఆ రంగులోకి రాగానే ఆపదల ఫ్రీక్వెన్సీ మీద ఎంత పెద్ద ఓడైనా, ఎంత అవసరమైన కబురైనా నోరు మూసుకోవాలి. ఎక్కడో బలహీనమైన సెట్టుతో ఎవరైనా సాయం అడుగుతున్నారేమోనని అందరూ వినాలి. ఆ పద్ధతి పోయి చాలా ఏళ్ళయింది. ఉపగ్రహాలు వచ్చాక దాని అవసరం తీరిందన్నారు.

మేనేజరుకి మళ్ళీ ఫోన్ చేసి, ప్రతి పావుగంటకీ మూడు నిమిషాలు ఒక్క సెట్టూ నొక్కకుండా ఉండగలరా అని అడిగాను. మిగతా సమయమంతా మీదే అన్నాను.

"మూడు నిమిషాలైతే ఆపగలను సార్. మావోళ్ళు బీడీ ముట్టించుకోడానికే అంతకన్నా ఎక్కువ పడతాది" అన్నాడాయన. "కానీ మీ పేరూ హోదా పెట్టి నాకొక మెసేజి పంపండి. రేపొద్దున్న నన్నెవులైనా అడిగితే సూపించుకోవాలి."

లేని అధికారంతో, నా ఉద్యోగ హోదా పెట్టి నేను రాసిన మొదటి ఉత్తర్వు అది. రెండుసార్లు చెరిపి రాశాను. పంపాక మా ప్రాంతీయ డైరెక్టరుగారికి ఫోన్ చేసి చెప్పాను. ఎవరి అనుమతితో చెప్పారని ఆయన అడిగారు. ఎవరిదీ లేదన్నాను. నా మే నెల రిపోర్టు తప్పన్నాను. ఆ మాటే రాసి పంపండి అని ఫోన్ పెట్టేశారు.

మూడుంపావుకి కొండ మీది గోల టక్కున ఆగింది. మార్తమ్మ పిలిచింది. ఇరవై రెండు పలికింది. నిమిషం తరవాత ఏడు కూడా, గుసగుసగా, మధ్యమధ్య తెగిపోతూ. రెండూ దగ్గరదగ్గరగా ఉన్నాయి, గాలి పెరుగుతోందని చెప్పాయి. వాళ్ళు పొద్దుటి నుంచీ పిలుస్తూనే ఉన్నారట. గుమ్మంలో కొందరి ఏడుపు ఆగింది, కొందరిది పెరిగింది. పదకొండు పలకలేదు.

మూడున్నరకి మళ్ళీ నిశ్శబ్దం. మూడు నిమిషాలూ ఆమె ఒక్కతే మాట్లాడింది. జవాబు లేదు. "బేటరీ అయిపోనాదేమో" అంది తనలో తనే. ఆమె చేతిలోని పెన్సిలు పుస్తకం మీద అదే అంకెను దిద్దుతూ ఉంది. ఆమె ముఖం చూడలేక నేను బయటికి వచ్చి బండిలో కూర్చున్నాను.

అలా కూర్చోవడం వల్లే ఒక సంగతి తట్టింది. బ్యాటరీ బాగా దిగిపోయిన సెట్టు మాటను మోయలేదు. కానీ మీట నొక్కితే ఏదో కాస్త తరంగం వెళుతుంది. ఆమె పాత సెట్టుకి అది అందదు. బండిలో ఉన్నది కొలవడానికి చేసిన రిసీవరు, దానికి అందవచ్చు. పరుగెత్తి వెళ్ళి ఆమెకు చెప్పాను. మూడూ ముప్పావుకి ఆమె, "పదకొండూ, మాటాడకు. ఇనపడితే రెండుసార్లు మీట నొక్కు" అంది. నేను మళ్ళీ బండిలోకి వచ్చి తెర మీద గీతను చూస్తున్నాను. ఏమీ లేదు. ఏమీ లేదు. గీత లేచింది. పడింది. మళ్ళీ లేచింది.

"ఉన్నారు సార్, ఉన్నారు!" అని సత్యం కేక పెట్టాడు. ఇంజను పనిచేస్తుంటే ఒకసారి, ఆగిపోతే రెండుసార్లు నొక్కమని ఆమె అడిగింది. రెండుసార్లు లేచింది. యాంటెనా తిప్పి దిక్కు తీశాం. ఈశాన్యం. గాలికి కొట్టుకుపోతున్నారు. ఒక్క చోటునుంచి తీసిన దిక్కు ఎటువైపో చెబుతుంది కానీ ఎంత దూరమో చెప్పదు. ఆ లోపే మూడు నిమిషాలూ అయిపోయాయి. ఏడుకీ ఇరవై రెండుకీ ఆ దిక్కు చెప్పాలంటే నాలుగింటిదాకా ఆగాలి.

నాలుగింటికి పేలుడు. ఆ నిశ్శబ్దం మాకు దక్కదని మేనేజరు ముందే చెప్పాడు. నా సర్వీసు మొత్తంలో అంత భయపడిన సమయం ఇంకొకటి లేదు. రిసీవరులో ఉత్తరం మూల క్లియర్, తూర్పు మూల క్లియర్ అని ఒక్కొక్కరే చెబుతున్నారు. నాలుగో మూల కాపలావాడు ఎవరో మేకల మంద అడ్డొచ్చిందని ఆపమన్నాడు. మళ్ళీ మొదటినుంచి. వాళ్ళు తొందరపడితే అక్కడ మనుషులు చస్తారు, తాపీగా ఉంటే ఇక్కడ చస్తారు. ఎటు కోరుకోవాలో తెలియక చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. గదిలో మార్తమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది. చివరికి దూరంగా నేల అదిరింది.

నాలుగుంపావుకి ఆమె ఆ రెండు పడవలకీ దిక్కు చెప్పింది. వాళ్ళ దగ్గర దిక్సూచి ఉంది, ఒడ్డుకి రావలసినవాళ్ళు మారుమాట లేకుండా మళ్ళీ సముద్రం లోపలికి తిరిగారు. పదకొండు నుంచి గీత ఒక్కసారి, సగం ఎత్తే లేచింది. తరవాత ఇక లేవలేదు. పేలుడు పని అయిపోయింది కనక మేనేజరు తన సెట్లన్నీ పూర్తిగా ఆపించేశాడు. అది ఎవరూ అడగకుండా చేసిన పని.

ఐదున్నర దాటాక, వెలుతురు ఇంకా ఉండగానే, ఇరవై రెండు సెట్టులో ఒక్క మాట చెప్పింది. "మోకేసి కట్టీసినాం." మోకు అంటే లావు తాడు, దానితో పదకొండుని తమ పడవకి కట్టుకున్నారు. మార్తమ్మ మైకు కింద పెట్టి, కళ్ళద్దాలు తీసి, బల్ల మీద తల ఆనించింది. పడవలు అలల్ని దాటి ఒడ్డెక్కేసరికి ఆరున్నర. ఏసుదాసు కాలు ఇంజను కింద పడి నలిగింది. అతన్ని మా బండిలోనే టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఆ రాత్రి గాలివాన దంచి కొట్టింది.

సెట్టు స్వాధీనం చేసుకోలేదు. నా మే నెల రిపోర్టు ఎందుకు తప్పో రెండు పేజీలు రాసి పంపాను. సంజాయిషీ అడిగారు, చెప్పుకున్నాను, లిఖితపూర్వక హెచ్చరికతో సరిపెట్టారు. క్వారీకి వేరే ఫ్రీక్వెన్సీ వెతికి ఇచ్చాం. సంఘం లైసెన్సు పునరుద్ధరణకి పదకొండు నెలలు పట్టింది. కొలత ఫారంలో 'ఈ నెలలో వాడకందారు పని చేస్తాడా' అనే గడి ఒకటి చేర్చమని రాశాను. పరిశీలిస్తామన్నారు.

ఉద్యోగంలో మిగిలిన కాలంలో, అంతకు ముందు రెండేళ్ళలో నేను 'వాడకం లేదు' అని రాసినవి పంతొమ్మిది తీసి, ఒక్కొక్క చోటికీ వెళ్ళి మనుషుల్ని అడిగాను. పదిహేడు నిజంగానే ఖాళీ. ఒకటి విజయనగరం వైపు చెరకు మిల్లుది, గానుగ ఆడే నాలుగు నెలలే మాట్లాడతారు, నేను విన్నది ఆగస్టులో. ఇంకొకటి ఏజెన్సీ కొండల్లో మంటలు కాపలా కాసేవాళ్ళది, ఎండాకాలంలో తప్ప సెట్టు తీయరు, నేను విన్నది వానల్లో. అప్పటికి రెండూ ఇంకొకరికి వెళ్ళిపోయాయి, వెనక్కి తెప్పించడానికి తల ప్రాణం తోకకి వచ్చింది.

నేను నేర్చుకున్నది ఇంతే. ఖాళీ అని రాసే ముందు రిసీవరుని మాత్రమే కాదు, ఊళ్ళోకి వెళ్ళి మనిషిని అడగాలి. ఏ నెలలో విన్నామో ఆ నెలలో అక్కడ పని ఉంటుందో లేదో కనుక్కోవాలి. అంతకు ముందు ముప్పై ఏళ్ళలో పెట్టిన సంతకాలను తిరిగి వెతకడానికి నాకు వాహనం ఇవ్వలేదు, సమయమూ చాలలేదు. వాటిలో ఎన్ని తప్పో నాకు తెలియదు.